రాణుల మధ్య పోరు పెట్టిందెవరు?

(మహిళా కార్యకర్తల రెండు రోజుల శిక్షణా తరగతుల ముగింపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి మీరు గృహహింస చట్టం గురించి, భరణం కేసుల గురించి, స్టేషన్లలో ఎదురయ్యే ఇబ్బందుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఈ చివరి గంటలో నేనొక నవల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం తటపటాయించారు. అదీ పిల్లలు చదివే ఇంగ్లీషు ఫాంటసీ నవల. ఫాంటసీ అంటే మనలో చాలామందికి విఠలాచార్య సినిమాలే గుర్తొస్తాయి. రాజులూ, మంత్రగాళ్ళూ, మాయలూ ఉన్న కథతో హక్కుల కోసం పనిచేసేవాళ్ళకు పనేమిటని మీకూ అనిపించవచ్చు. కాసేపు ఓపిక పట్టండి. నిన్న మధ్యాహ్నం కౌన్సెలింగ్ అనుభవాలు చెప్పుకునేటప్పుడు మీలో ముగ్గురు నలుగురు ఒకే మాట అన్నారు: "ఏ కేసు తీసుకున్నా చివరికి ఆడదానికి ఆడదే శత్రువుగా తేలుతోంది మేడమ్." నేను మాట్లాడబోయేది ఆ వాక్యం గురించే. నవల అందుకు ఒక దారి మాత్రమే.

ఈ పుస్తకాలు మా అమ్మాయి ద్వారా నాకు తెలిశాయి. దానికి పదిహేనేళ్ళు. ఒకరోజు రాత్రి నాలుగో పుస్తకం, అంటే ఆఖరి భాగం, పూర్తి చేసి ఏడుస్తూ నా గదిలోకి వచ్చింది. "ముగ్గురూ మొదటి రోజే మేం చంపుకోం అని కూర్చుంటే అయిపోయేది కదా అమ్మా?" అనడిగింది. సమాజశాస్త్రంలో డాక్టరేటు ఉన్నదాన్ని, ఆ రాత్రి దానికి సమాధానం చెప్పలేకపోయాను. నాలుగు పుస్తకాలూ చదివాక ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

రచయిత్రి కెండారే బ్లేక్. దక్షిణ కొరియాలో పుట్టి, దత్తత వెళ్ళి అమెరికాలో పెరిగిన స్త్రీ. ఈ వరుసలో మొదటి నవల 'త్రీ డార్క్ క్రౌన్స్' 2016లో వచ్చింది. తర్వాత 2017లో 'వన్ డార్క్ థ్రోన్', 2018లో 'టూ డార్క్ రెయిన్స్' వచ్చాయి. 2019లో వచ్చిన 'ఫైవ్ డార్క్ ఫేట్స్'తో కథ ముగిసింది.

కథాస్థలం ఫెన్‌బర్న్ అనే ఊహాద్వీపం. అక్కడ ప్రతి తరంలోనూ రాణికి ఒకే కాన్పులో ముగ్గురు ఆడపిల్లలు పుడతారు. ముగ్గురికీ సింహాసనం మీద సమాన హక్కు ఉంటుంది. కానీ కిరీటం ఒక్కటే. ఆరేళ్ళు వచ్చేదాకా ముగ్గురూ ఒకే ఇంట్లో పెరుగుతారు. ఆ తర్వాత విడదీసి మూడు వేర్వేరు ఊళ్ళలో, మూడు పెంపుడు కుటుంబాలకు అప్పగిస్తారు. పదహారేళ్ళు నిండాక ఒక పెద్ద పండుగలో ముగ్గురినీ జనం ముందు నిలబెట్టి పోటీ ప్రారంభిస్తారు. మిగతా ఇద్దరినీ చంపిన పిల్లే రాణి. ఇది ఆ ద్వీపంలో నేరం కాదు, ఆచారం.

ఈ తరం ముగ్గురు మిరబెల్లా, కేథరిన్, ఆర్సినో. మిరబెల్లాకు గాలీ నిప్పూ మాట వింటాయి. కేథరిన్‌ది విషాల విద్య. ఆర్సినోకు చెట్టూ జంతువూ లోబడాలి, లోబడవు. ముగ్గురిలోనూ మిరబెల్లాకే చెల్లెళ్ళ జ్ఞాపకం గట్టిగా మిగిలింది. వాళ్ళను చంపడానికి ఆమెకు మనసొప్పదు.

ఈ ఆలోచన ఎలా వచ్చిందో రచయిత్రి చెప్పిన సంగతి ఆసక్తికరంగా ఉంటుంది. ఒక పుస్తకాల సభ దగ్గర ఆమె తేనెటీగల గుంపు చెట్టుకు వేలాడుతుండగా చూసింది. అక్కడున్న తేనెటీగల పెంపకందారును అడిగితే, పాత రాణి పట్టు వదిలి వెళ్ళేముందు కొన్ని రాణి గుడ్లు పెట్టి వెళుతుందనీ, అవి పొదిగి బయటికొచ్చాక ఒకదాన్నొకటి చంపుకుంటాయనీ, మిగిలిందే కొత్త రాణి అనీ చెప్పాడట. మనుషులు ఇలా ఉంటే ఎలా ఉంటుందన్న ఊహ నుంచి ఈ కథ పుట్టింది.

తేనెటీగల సంగతిలో మనం సాధారణంగా వదిలేసే భాగం ఒకటుంది. రాణి ఈగ పుట్టుకతో రాణి కాదు. కూలి ఈగ అయ్యే గుడ్డూ, రాణి అయ్యే గుడ్డూ ఒకటే. ఏ పిల్లకు ప్రత్యేకమైన గది కట్టాలో, ఏ పిల్లకు చివరిదాకా రాణి ఆహారం పెట్టాలో నిర్ణయించేది కూలి ఈగలు. ముందు బయటికొచ్చిన రాణి మిగతా గదుల్లోని రాణుల్ని కుట్టి చంపుతుంది, నిజమే. కానీ పట్టు మరోసారి చీలిపోయి గుంపుగా వెళ్ళాల్సిన అవసరం ఉంటే, అవే కూలి ఈగలు అడ్డం నిలబడి ఆ గదుల్ని కాపాడతాయి. అంటే ఎప్పుడు పోరు జరగాలో, ఎప్పుడు ఆగాలో తేల్చేది పట్టు అవసరం. మనం మాత్రం రాణులు కొట్టుకుంటున్నాయనే చెప్పుకుంటాం. ఈగలకు ఆ మాటతో నష్టం లేదు, మనుషులకు ఉంది.

ఫెన్‌బర్న్‌లో రాణులను తయారుచేసే పట్టు ఏదో చూద్దాం. కేథరిన్‌ను పెంచిన ఆరన్ కుటుంబం మూడు తరాలుగా తమ ఇంట్లో పెరిగిన రాణుల పేరు మీద ద్వీపాన్ని ఏలుతోంది. పాలక మండలి వాళ్ళ గుప్పిట్లో ఉంది. ఈసారి తమ పిల్ల ఓడితే అదంతా పోతుంది. అందుకే ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ కొద్దికొద్దిగా విషం తినిపిస్తారు. ఒళ్ళంతా బొబ్బలు, వాంతులు, నీరసం. దానికి వాళ్ళు పెట్టిన పేరు శిక్షణ. మరోవైపు దేవాలయం మిరబెల్లాను వెనకేసుకొస్తుంది, తమ రాణి వస్తే మండలిలో బలం తమకు మారుతుంది కాబట్టి. మూడో పిల్ల ఆర్సినో మీద ఎవరూ పందెం కాయరు. పదహారేళ్ళ పిల్లలు కత్తులు దూసుకుంటుంటే వెనక పెద్దవాళ్ళు పదవుల లెక్క వేసుకుంటుంటారు.

ఇంకో సంగతి చూడండి. మొదటి పుస్తకం చివర్లో ఆర్సినో తనకు ఏ శక్తీ లేకపోవడానికి కారణం తెలుసుకుంటుంది. ఆమె నిజంగా విషవిద్య పిల్ల. విషం ఆమెను ఏమీ చేయలేదు. ఆర్సినోనూ కేథరిన్‌నూ పసితనంలోనే తారుమారు చేశారు. అంటే కేథరిన్‌కు పదేళ్ళు తినిపించిన విషం, ఆమెకు ఏనాడూ లేని శక్తి కోసం తినిపించిందన్నమాట. ఆడపిల్లల 'సహజ స్వభావం' గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్ళకు ఈ ఘట్టం చదివి వినిపించాలనిపించింది నాకు.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్నకు వస్తాను. మేం చంపుకోం అని ఎందుకు అనలేదు?

అన్నారు. ఆర్సినో చిన్నప్పుడే ఇద్దరు స్నేహితులతో పడవెక్కి పారిపోవాలని చూసింది. ద్వీపాన్ని చుట్టుకుని ఉండే పొగమంచు వాళ్ళను పోనివ్వలేదు. పట్టుబడ్డాక సాయం చేసిన కుర్రాడికి ఐదేళ్ళ బహిష్కారం వేశారు. ఇందులో పాఠం తేలికగానే కనిపిస్తుంది. కాదన్నవాళ్ళకు ఒక్కోసారి నేరుగా శిక్ష పడదు, వాళ్ళను ప్రేమించినవాళ్ళకు పడుతుంది. భర్త కొట్టాడని పుట్టింటికొచ్చిన అక్క వల్ల చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందని బెదిరించే ఊళ్ళలో పనిచేసే మీకు దీన్ని నేను వివరించనక్కర్లేదు.

రెండో పుస్తకం ముగిసేసరికి కేథరిన్ కిరీటం దక్కించుకుంటుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ద్వీపం దాటి బయటి దేశానికి తప్పించుకుపోతారు. అక్కడ స్త్రీలకు రాజ్యం మాట అటుంచి, నచ్చిన బట్ట కట్టుకునే స్వేచ్ఛ కూడా ఉండదు. ఈ పోలిక నాకు నచ్చింది. ఫెన్‌బర్న్‌లో దేవత స్త్రీ, పూజారిణులు స్త్రీలు, మండలిలో స్త్రీలు, వంశం తల్లి పేరున నడుస్తుంది. భర్తను రాణే ఎంచుకుంటుంది. మనం కోరుకున్నవి చాలా అక్కడ ఉన్నాయి. అయినా ప్రతి తరంలో ఇద్దరు ఆడపిల్లల శవాలు గోతిలో పడుతూనే ఉన్నాయి. కుర్చీలో స్త్రీ కూర్చున్నంత మాత్రాన కుర్చీ స్వభావం మారదని రచయిత్రి ఉపన్యాసం లేకుండా చెప్పింది. మాతృస్వామ్యం అనగానే చప్పట్లు కొట్టే అలవాటు మనలో కొందరికి ఉంది, ఒకప్పుడు నాకూ ఉండేది. వాళ్ళు ఈ పుస్తకం దగ్గర కాసేపు ఆగాలి.

ఆఖరి భాగం అసలు బలం ఆ గోతి దగ్గరే ఉంది. ఓడి చనిపోయిన రాణులందరినీ తరతరాలుగా బ్రెచియా డొమైన్ అనే లోతైన అగాధంలో పడేశారు. మొదటి పుస్తకం చివర్లో కేథరిన్‌ను ఆమె ప్రేమించినవాడే అందులోకి తోస్తాడు. ఆమె బతికి పైకొస్తుంది, కానీ ఒంటరిగా కాదు. చచ్చిన రాణులు ఆమెలో చేరి వస్తారు. ఆమెకు లేని బలమంతా వాళ్ళు అప్పిస్తారు, బదులుగా ఆమె చేతులు వాడుకుంటారు. వాళ్ళు ఒకప్పుడు బాధితులు. చదరంగంలో పావులుగా పెరిగి, ఓడి, పేరు కూడా లేకుండా పోయిన ఆడపిల్లలు. వాళ్ళ కోపం న్యాయమైనది. కానీ ఆ కోపం తమను గోతిలోకి తోసిన ఆచారం మీదికి పోదు. మాకు దక్కని కిరీటం ఇప్పుడు దక్కాలి, అంతే.

ఇది చదువుతున్నప్పుడు నాకు డెనిజ్ కాండియోటి గుర్తొచ్చింది. టర్కీకి చెందిన ఈ సామాజిక శాస్త్రవేత్త 1988లో 'పితృస్వామ్యంతో బేరం' అన్న భావనను వివరించారు. కోడలిగా అడుగుపెట్టిన పిల్ల ఇంట్లో అందరికంటే కింద ఉంటుంది. ఆ కష్టాలన్నీ భరించి కొడుకును కంటే, ఒకనాటికి తానూ అత్తగారై ఒక కోడలి మీద పెత్తనం చేయవచ్చు. వ్యవస్థ ఆమెకు చూపించే ఆశ అదొక్కటే. అందుకే తాను పడిన బాధను తానే మరొకరికి పెడుతుంది. ఆ బాధ లేకుండా పోతే ఆమె ఇన్నేళ్ళూ కూడబెట్టుకున్నదంతా చెల్లని నోటు అయిపోతుంది. కేథరిన్ ఒంట్లో తిరిగే చచ్చిన రాణులు నాకు ఆ అత్తగార్లలాగే కనిపించారు.

ఆఖరి భాగం మొదలయ్యేసరికి పొగమంచు ద్వీపవాసులనే చంపుతూ తిరుగుతోంది. కేథరిన్ సింహాసనం మీద ఉంది, కానీ లోపలి రాణులు ఆమెను మింగేస్తున్నారు. ఒకప్పుడు చంపాలనుకున్న అక్క మిరబెల్లా సాయమే ఇప్పుడామెకు కావాలి. ఆర్సినో తిరుగుబాటుదార్ల పక్షాన ఉంది. వాళ్ళు జూల్స్ అనే పిల్లను రాణిని చేస్తామంటున్నారు. ఆమె రాజవంశంలో పుట్టలేదు. రెండు శక్తులతో పుట్టింది కాబట్టి ద్వీపం ఆమెను శపించబడిన పిల్లగా చూస్తుంది.

ఎవరు మిగిలారో, ఎవరు పోయారో చెప్పను. మీ ఇళ్ళలో చదివే పిల్లలున్నారు, నన్ను తిట్టుకుంటారు. ఒక్కటి మాత్రం చెబుతాను. ముగ్గురూ కౌగిలించుకోగానే అన్నీ సర్దుకుపోయే ముగింపు ఇందులో లేదు. ఎవరూ వెల చెల్లించకుండా బయటపడరు. మొదటి పుస్తకంలో పాఠకుడు 'ఎవరు గెలుస్తారు?' అని పేజీలు తిప్పుతాడు. నాలుగో పుస్తకానికి వచ్చేసరికి ఆ ప్రశ్నే అసహ్యంగా అనిపిస్తుంది. ఈ ఆచారాన్ని ఎవరు ఆపుతారన్నది అసలు ప్రశ్న అవుతుంది. మా అమ్మాయి ఏడ్చింది అందుకేననుకుంటాను. మొదట్లో తానూ ఒక రాణి పక్షాన నిలబడి పందెం కాసింది మరి.

నాకు ఫిర్యాదులు లేకపోలేదు. ద్వీపంలో చేపలు పట్టేవాళ్ళు, వంటవాళ్ళు, సేవకులు కథ అంచుల్లోనే ఉండిపోయారు. ఎవరు రాణి అయితే వాళ్ళ బతుకు ఎలా మారుతుందో తెలియదు. ఒక ఆచారం పోవాలంటే దాన్ని మోస్తున్న జనం కూడా మారాలి కదా! ఆ పని నవలలో యుద్ధానికి అప్పగించినట్టు నాకనిపించింది.

ఇప్పుడు కల్పన నుంచి చరిత్రకు వద్దాం. రాణుల పోరు అనగానే లోకం చెప్పుకునే జంట ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్, స్కాట్లండు రాణి మేరీ. మేరీ 1568లో సాయం కోరుతూ ఇంగ్లండుకు వచ్చి దాదాపు 19 ఏళ్ళు బందీగా ఉండిపోయింది. 1587 ఫిబ్రవరి 8న ఆమె తల నరికారు. ఈ ఇద్దరి గురించి ఎన్నో నాటకాలూ సినిమాలూ వచ్చాయి. వాటిలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మాటలు విసురుకుంటారు. నిజానికి వాళ్ళు జీవితంలో ఒక్కసారి కూడా కలుసుకోలేదు! మధ్యలో ఉన్నదంతా మంత్రులు, గూఢచారులు, మతం, వారసత్వం. మరణశాసనం మీద ఎలిజబెత్ సంతకం పెట్టింది, కానీ దాన్ని ఆమెకు మళ్ళీ చెప్పకుండా అమలుకు పంపింది ఆమె మంత్రులు. ఆమె బాధ్యత లేదని నేను అనను. స్త్రీలు ఏలడమే ప్రకృతి విరుద్ధమని జాన్ నాక్స్ 1558లో పుస్తకమే రాసిన కాలమది. చివరికి 1603లో రెండు సింహాసనాలూ మేరీ కొడుకు జేమ్స్‌కు దక్కాయి. ఇంతా జరిగితే చరిత్రలో మిగిలింది ఇద్దరు ఆడవాళ్ళ అసూయ కథ.

ఇటు చూడండి. ఒట్టోమన్ సుల్తాను మూడో మెహ్మద్ 1595లో గద్దెనెక్కగానే తన 19 మంది తమ్ముళ్ళను చంపించాడు. మన దేశంలో ఔరంగజేబు 1659లో అన్న దారా షికోను, 1661లో తమ్ముడు మురాద్‌ను చంపించాడు. ఇవి మన పిల్లలు పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటారు. దాన్ని వారసత్వ యుద్ధం అంటారు, రాజ్యకాంక్ష అంటారు. అది చదివి 'మగవాడికి మగవాడే శత్రువు' అని ఎవరైనా అనగా విన్నారా? పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు తలలు పగలగొట్టుకుంటే ఆస్తి తగాదా అంటాం. అదే ఇంట్లో తోడికోడళ్ళు మాటామాటా అనుకుంటే రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటాం. మగవాళ్ళ పోరుకు కారణం వెతుకుతాం. ఆడవాళ్ళ పోరుకు స్వభావం అంటగడతాం.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ళ కిందటి మాట. నేనూ, హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలూ ఒకే ఉద్యోగానికి పోటీ పడ్డాం. ఏ సంస్థో అనవసరం. ఖాళీ ఒక్కటే అన్నారు. ఇంటర్వ్యూకు ముందు ఒక పెద్దమనిషి నన్ను పిలిచి, "జాగ్రత్తమ్మా, నీ పరిశోధన నీది కాదని ఆ అమ్మాయి అంటోంది" అన్నాడు. నమ్మాను. ఉద్యోగం నాకొచ్చింది. ఏడేళ్ళు మేం మాట్లాడుకోలేదు. తర్వాత ఒక మహిళా సదస్సులో భోజనాల దగ్గర పక్కపక్కన కూర్చోవాల్సొచ్చింది. "నేనేం అన్నానని నీతో చెప్పారు?" అని ఆమే అడిగింది. చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నేను ఆమె గురించి అన్నానని ఆమెకు చెప్పిన మాట కూడా అక్షరం పొల్లుపోకుండా అదే. ఏడేళ్ళలో ఇద్దరిలో ఒక్కరం నేరుగా వెళ్ళి అడగలేదు. ఇప్పుడు కలుస్తుంటాం. కానీ మునుపటి స్నేహం తిరిగి రాలేదు. ఆరేళ్ళప్పుడు విడదీసిన పిల్లల కథ చదువుతుంటే నాకు ఆ భోజనాల బల్లే కనిపించింది.

మీరు రేపు ఊళ్ళకు వెళ్ళిపోతారు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినప్పుడు పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు మనకొచ్చాయి. తర్వాత మన రెండు రాష్ట్రాల్లోనూ అవి సగమయ్యాయి. రిజర్వుడు సీటులో ఇద్దరు స్త్రీలు నిలబడతారు. నిన్నటిదాకా ఒకే పొదుపు సంఘంలో కూర్చున్నవాళ్ళు ఎన్నికల తర్వాత ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. వాళ్ళ వెనక నిలబడిన ఇద్దరు మగవాళ్ళు మాత్రం మరుసటి వారమే ఒకే కాంట్రాక్టులో వాటాదార్లుగా కనిపించవచ్చు. అలాంటి చోట, అత్తాకోడళ్ళ కేసు వచ్చిన చోట, మన సంస్థల్లోనే ఇద్దరు కార్యకర్తలకు పడని చోట, తీర్పు చెప్పేముందు మూడు ప్రశ్నలు వేసుకోమని కోరుతున్నాను.

ఒకటి: ఉన్నది ఒక్కటే అని ఎవరు చెప్పారు? కిరీటం ఒక్కటే, ఖాళీ ఒక్కటే, వంటిల్లు ఒక్కటే, కొడుకు సంపాదన ఒక్కటే. ఆ 'ఒక్కటి' ఎవరి చేతిలో ఉంది? ఇల్లు ఎవరి పేరున ఉంది?

రెండు: ఒకరి గురించి ఒకరికి చెబుతున్నదెవరు? వాళ్ళిద్దరూ మధ్యవర్తి లేకుండా చివరిసారి ఎప్పుడు మాట్లాడుకున్నారు?

మూడు: ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా నష్టపోకుండా మిగిలేదెవరు?

ఒక హెచ్చరిక కూడా చేస్తాను. ఈ ప్రశ్నలు వేసినంత మాత్రాన చేసిన నేరం చెరిగిపోదు. కోడలి మీద కిరోసిన్ పోసిన అత్త వ్యవస్థ బాధితురాలే కావచ్చు, నేరస్తురాలు కూడా. కేసు పెట్టాల్సిన చోట పెట్టాలి. కేథరిన్ చేతులు ఎవరు వాడుకున్నా, పోయిన ప్రాణాలు పోయినవే. అయితే శిక్ష పడ్డాక కూడా ఆ ఇంట్లో అదే కుర్చీ అలాగే ఉంటే, అందులో మరొకరు వచ్చి కూర్చుంటారు. మన పని కేసుతో అయిపోకూడదు.

మా అమ్మాయికి చివరికి ఇలా చెప్పాను. ముగ్గురు పిల్లలు మేం చంపుకోం అంటే సరిపోదమ్మా, చూడటానికొచ్చిన జనం కూడా మేం చూడం అనాలి అని. అది కాసేపు ఆలోచించి, "మరి మొదటి పుస్తకం కొన్నది మనమే కదా" అంది. దానికి కూడా నా దగ్గర సమాధానం లేదు. మీ దగ్గర ఉంటే చర్చలో చెప్పండి.

సెలవు.